లండన్‌లో ఆదివారం రైలు ఎందుకు మూస్తారు?

(గుంతకల్లులో రైల్వే పింఛనుదారులు, విద్యార్థులు కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో ఉన్నవాళ్లు చాలామంది పట్టాల మీద పని చేసి రిటైరైనవాళ్లు, వెనక ఉన్న పిల్లల్లో కొందరు పై చదువులకు లండన్ పోవాలని చూస్తున్నవాళ్లు అని ముందే చెప్పారు. అందుకే ఇద్దరికీ పనికొచ్చే సంగతి ఎంచుకున్నా. లండన్ భూగర్భ రైలులో కొన్ని లైన్లను కొన్ని శని, ఆదివారాలు ఎందుకు మూస్తారు, మూసి లోపల ఏం చేస్తారు అనేది.

మూయడం మనకేం కొత్త కాదు. "నాన్ ఇంటర్‌లాకింగ్ పనుల వల్ల ఫలానా రైళ్లు రద్దు, ఫలానావి దారి మళ్లింపు" అని జిల్లా పేజీలో చదువుతూనే ఉంటాం, అంటే సిగ్నళ్ల సరంజామా మార్చే పనులు. బొంబాయి పోయొచ్చినవాళ్లకు ఆదివారం మెగా బ్లాక్ గురించి, అంటే పనుల కోసం గంటల తరబడి లైను ఆపడం గురించి చెప్పక్కర్లేదు. కానీ బొంబాయిలో ఒక వెసులుబాటు ఉంది. చాలా దూరం స్లో లైన్లు వేరు, ఫాస్ట్ లైన్లు వేరు కాబట్టి ఒకటి మూస్తే లోకల్ బండ్లను రెండోదాని మీదికి మళ్లిస్తారు, కొన్ని స్టేషన్లలో ఆగవు, జనం తిట్టుకుంటారు, అయినా బండి నడుస్తుంది. న్యూయార్క్‌వాళ్లు కూడా చాలా మార్గాల్లో నాలుగు లైన్లు వేసుకున్నారు, రాత్రంతా నడపగలుగుతున్నారంటే అదొక పెద్ద కారణం. లండన్ లోతు సొరంగాల్లో అలా కాదు. పోయేదానికి ఒక గొట్టం, వచ్చేదానికి ఒక గొట్టం, అంతే.

ఆ గొట్టం కూడా ఎంతనుకున్నారు? వ్యాసం సుమారు మూడున్నర మీటర్లు. బండి పోతుంటే పక్కన మనిషి నిలబడడానికి జాగా ఉండదు. మన గ్యాంగ్‌మన్ హారన్ వినగానే పట్టాల పక్కనుండే సెస్ మీదికి, అంటే కాలిబాట మీదికి జరుగుతాడు, అక్కడ జరగడానికి చోటేది? పైగా మనకు కరెంటు నెత్తిమీద తీగలో, 25,000 వోల్టులు. వాళ్లకు కాళ్ల దగ్గరే. చక్రాలు నడిచే రెండు పట్టాలు కాక కరెంటుకు ఇంకో రెండు పట్టాలుంటాయి, ఒకటి పక్కన, ఒకటి నడిమధ్య. మామూలుగా 630 వోల్టులు, కొన్నిచోట్ల 750. అది ఆపకుండా లోపల అడుగు పెట్టే ప్రశ్నే లేదు.

ఇప్పుడు రాత్రి లెక్క చూద్దాం. మామూలు రోజుల్లో చివరి బండి పోయేసరికి దాదాపు ఒంటిగంట, తెల్లారి ఐదు ప్రాంతంలో మొదటి బండి. మధ్యలో నాలుగు గంటలు. కరెంటు తీయాలి, తీసినట్టు ఖాయం చేసుకోవాలి, సామాను దించాలి. చివర్లో మళ్లీ మనుషుల్ని లెక్క పెట్టి, ఒక్క స్పానర్ కూడా లోపల మిగలలేదని చూసుకుని కరెంటు ఇవ్వాలి. వీటికి రెండు గంటలు పోయాయనుకోండి, చేతికి మిగిలేది రెండు. అదే శనివారం తెల్లవారుజామున ఒంటిగంట నుంచి సోమవారం తెల్లవారుజామున ఐదు దాకా తీసుకుంటే ఒకేసారి 52 గంటలు దొరుకుతాయి. అందులోనూ ఆ రెండు గంటలు తీసేయండి, 50. రోజుకు రెండు గంటల లెక్కన ఇరవై ఐదు రాత్రుల పని ఒక్క వారాంతంలో అయిపోతుంది. కొన్ని పనులైతే ఎన్ని రాత్రులు కలిపినా కావు. బండిని ఒక పట్టా నుంచి ఇంకోదానికి మళ్లించే పాయింట్లు పీకి కొత్తవి పెట్టాలంటే సగం పీకి, తెల్లారిందని వదిలేసి పోలేం కదా!

మన పెద్దాయనలకు ఇంకో ముచ్చట. కరెంటు తీసేశాక కొత్త పట్టాలు మోసుకొచ్చే బండి ఎలా వస్తుంది? బ్యాటరీ ఇంజిన్లు ఉంటాయి వాళ్లకు. కరెంటుంటే పట్టాల నుంచి తీసుకుంటుంది, లేకపోతే బ్యాటరీ మీద పోతుంది.

సిగ్నళ్ల సంగతి పట్టాల కంటే కష్టం. 1863లో ఆవిరి ఇంజిన్లతో మొదలైన రైలు అది, ఇప్పుడు 272 స్టేషన్లు, 400 కిలోమీటర్లు, ఒక్కో లైనుది ఒక్కో కాలం నాటి సరంజామా. కొత్త సిగ్నలింగ్ పెట్టాలంటే పాతదాన్ని పక్కనే బతికించి ఉంచాలి. శని, ఆదివారాలు కొత్తదానితో ఖాళీ బండ్లు నడిపి చూసుకుని, సోమవారం పొద్దున జనం వచ్చేలోపు మళ్లీ పాతదానికి మార్చి ఇవ్వాలి. జూబిలీ లైనులో ఇదే జరిగింది. 2009 చివరికి అయిపోవాల్సిన పని 2011 దాకా సాగింది. ఆ లైను మీదే ఒక పక్క వెంబ్లీ స్టేడియం, ఇంకో పక్క నార్త్ గ్రీనిచ్‌లో పెద్ద కచేరీల హాలు. మ్యాచ్ ఉన్న వారం, కచేరీ ఉన్న వారం లైను మూస్తే ఎంత రచ్చ అవుతుందో ఊహించుకోండి. నిర్వహణను 30 ఏళ్లకు ప్రైవేటు కంపెనీలకు రాసిచ్చిన కాలం అది. 2002-03లో ఇచ్చారు, 2007లో ఒకటి దివాలా దారి పట్టింది, 2010లో రెండోదాన్ని నగర రవాణా సంస్థే కొనేసుకుంది. దాని మీద విడిగా ఒక ఉపన్యాసం ఇవ్వొచ్చు, ఇప్పుడొద్దు.

మధ్యలో ఒక నవ్వులాట. 2014 జనవరిలో విక్టోరియా స్టేషన్ విస్తరణ పనుల్లో పోస్తున్న కాంక్రీటు కారిపోయి పక్కనున్న సిగ్నల్ గదిలోకి చేరింది. విక్టోరియా లైను సగం ఆగిపోయింది. అది గట్టిపడితే అంతే సంగతులు కాబట్టి చక్కెర తెచ్చి పోశారట. చక్కెర పడితే కాంక్రీటు సెట్ కాదని మన మేస్త్రీలకు ఎవరు చెప్పాలి! మర్నాడు పొద్దునకు బండ్లు నడిచాయి.

సరే, నా మాట చెప్తా. వారం వారం ఇలా కొంచెం కొంచెం మూయడం కంటే, ముందే చెప్పి ఒకేసారి పొడుగ్గా మూసేయడమే మేలు. 2015 ఆగస్టులో విక్టోరియా లైను ఉత్తరపు కొసను మూడు వారాలు మూశారు, చివరి స్టేషన్ వాల్తమ్‌స్టో దగ్గర క్రాసోవర్, అంటే బండి ఒక లైను నుంచి పక్క లైనుకు దాటే పట్టాలు మార్చడానికి. అంతకు ముందు బండ్లు దాని మీద నెమ్మదిగా పోవాల్సి వచ్చేది. 2017 నుంచి ఆ లైనులో రద్దీ వేళ గంటకు 36 బండ్లు, అంటే వంద సెకన్లకొకటి. 2022లో నార్తర్న్ లైనులో బ్యాంక్ అనే స్టేషన్ మీదుగా పోయే కొమ్మను జనవరి మధ్య నుంచి మే మధ్య దాకా 17 వారాలు మూసి, దక్షిణానికి పోయే బండ్లను కొత్త సొరంగంలోకి మార్చి, పాత సొరంగాన్ని జనం నడిచే హాలుగా చేశారు. అదే పని శని, ఆదివారాల్లో చేసుంటే ఎన్నేళ్లు పట్టేదో! కాకపోతే అక్కడ చారింగ్ క్రాస్ మీదుగా రెండో కొమ్మ ఉంది, జనం అటు పోయారు. అన్ని లైన్లకూ ఆ భాగ్యం లేదు.

ఇంకోటి కూడా ఉంది. ఆఫీసులు ఉండవు కాబట్టి వారాంతం ఖాళీ అనే లెక్క పాతబడిపోయింది. కోవిడ్ తర్వాత సోమ, శుక్రవారాలే పలచబడ్డాయి, శని, ఆదివారాల జనం ముందుగా తిరిగొచ్చారు. అసలు ఆదివారం పనికి పోయేదెవరు? హోటళ్లలో, గిడ్డంగుల్లో, క్లీనింగ్‌లో చేసేవాళ్లు. మన అనంతపురం, కడప పిల్లలు కూడా అందులో ఉంటారు. క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే పని చేయొచ్చు, వారాంతం షిఫ్టులు కూడా అందులోవే. లండన్ తూర్పున ఈస్ట్ హామ్‌లో ఉండే పిల్లవాడికి ఆ వైపు లైన్లు మూస్తే రైలు బదులు బస్సు దిక్కు, ఆ బస్సు ట్రాఫిక్‌లో ఈదుకుంటూ పోతుంది, షిఫ్టుకు లేటు, టెన్షన్. వెనకున్న పిల్లలూ, అక్కడికి పోయాక శుక్రవారం రాత్రే ఏ లైను మూస్తున్నారో చూసుకోండి. ఫ్లైటు ఉన్న రోజైతే రెండుసార్లు చూసుకోండి.

ఇదంతా ఎక్కడి గోలో అనుకుంటున్నారేమో. మనం పనుల మీద పోయే బెంగళూరులో 2016 ఏప్రిల్ నుంచి మెజెస్టిక్ కింద రైలు నడుస్తోంది. అక్కడా పోయేదానికి ఒకటి, వచ్చేదానికి ఒకటి, మూడోది లేదు. ఆ పట్టాలు, సిగ్నళ్లు మార్చే రోజు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. అప్పుడు ఎన్ని చోట్ల క్రాసోవర్లు ఉంటే అంత తక్కువ ముక్క మూసి సరిపెట్టుకోవచ్చు, మిగతా లైను నడుస్తుంది. కట్టేటప్పుడు ఖర్చని క్రాసోవర్లు తగ్గించేవాళ్లకు ఇది ఎవరైనా గట్టిగా చెప్పాలి.

నేను చెప్పాల్సింది ఇంతే. నాలుగు గంటల బ్లాక్ అడిగితే కంట్రోల్ ఆఫీసు గంటన్నర ఇచ్చిన రోజుల గురించి నాకంటే ముందు వరసవాళ్లకే బాగా తెలుసు. మైకు వాళ్లకు ఇస్తున్నా.