బీఎస్-ఎండీ ఇంటర్వ్యూ: ర్యాంకులు అలవాటైన ఇళ్లలో

అందరికీ నమస్కారం. ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక ఇంతమంది కూర్చున్నారు. పదకొండు, పన్నెండో గ్రేడ్ పిల్లలు సొంత ఇష్టంతో వచ్చారో, అమ్మానాన్నలు కారెక్కిస్తే వచ్చారో అడగను. నేను ఇంటర్నల్ మెడిసిన్ డాక్టర్ని. బీఎస్-ఎండీకి, అంటే అమెరికాలో హైస్కూలు నుంచే డిగ్రీకీ మెడికల్ స్కూలుకూ కలిపి సీటిచ్చే ప్రోగ్రాములకు, అప్లై చేసే మన పిల్లలకు మాక్ ఇంటర్వ్యూలు చేస్తుంటాను. వాటిలో చూసిన సంగతులే చెబుతాను.

ముందు పెద్దవాళ్లతో మాట్లాడాలి. మనలో చాలామందికి మెడికల్ సీటంటే ర్యాంకు. మాకు ఎంసెట్ ఉండేది, ఇప్పుడు అక్కడ నీట్ ఉంది. 720కి ఎన్నొచ్చాయి, కౌన్సెలింగ్‌లో ఏ కాలేజీ వచ్చింది, అంతే. గుంటూరు మెడికల్ కాలేజీలో చేరినా, ఉస్మానియాలో చేరినా, "నువ్వు డాక్టరెందుకు కావాలనుకుంటున్నావు?" అని అడిగినవాళ్లు లేరు. ఇంటర్ అవగానే ఎంబీబీఎస్, ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. అందుకే హైస్కూల్లో ఉండగానే మెడికల్ సీటు చూపించే ప్రోగ్రాం మనకు వింతగా అనిపించదు. అమెరికాలో మాత్రం అది మినహాయింపు. ఇక్కడ మామూలు దారి వేరు: నాలుగేళ్ల డిగ్రీ, ఎంక్యాట్ అనే మెడికల్ ఎంట్రన్స్ పరీక్ష, మళ్లీ అప్లికేషన్లు, నాలుగేళ్ల మెడికల్ స్కూలు, ఆపైన స్పెషాలిటీని బట్టి మూడు నుంచి ఏడేళ్ల రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో శిక్షణ. ఇంటర్వ్యూ చేసేవాళ్లలో చాలామంది ఆ దారిలో నడిచి వచ్చినవాళ్లే. పదిహేడేళ్లకే ఇంత తొందరెందుకు, ఈ నిర్ణయం ఈ అమ్మాయిదేనా, ఇంట్లోవాళ్లదా అన్న అనుమానం వాళ్లకు ఉంటుంది. ఏ ప్రశ్న అడిగినా చాలాసార్లు దాని కింద ఉండేది ఇదే.

ఇంటర్వ్యూకు పిలిచారంటే మార్కుల సంగతి చాలావరకు తేలిపోయినట్టే. అక్కడికి వెళ్లి మళ్లీ మార్కులు, ఒలింపియాడ్లు ఏకరువు పెట్టే పిల్లల్ని చూస్తే నాకు జాలేస్తుంది. ఎదుటివాళ్లు ఆ కాగితం చూశాకే కదమ్మా నిన్ను పిలిచింది.

ఇక ప్రోగ్రాములు. అన్నిటినీ ఒకే గాటన కట్టేసి, ఒకే జవాబు బట్టీపట్టి తిరగడం మన దగ్గర ఎక్కువ. బ్రౌన్ యూనివర్సిటీలో పీఎల్ఎంఈ అనే ప్రోగ్రాం ఎనిమిదేళ్లది. దానికి ఎంక్యాట్ అక్కర్లేదు, ఇంటర్వ్యూ కూడా ఉండదు. అక్కడ మీ వ్యాసాలే మీ ఇంటర్వ్యూ. కాన్సస్ సిటీలోని మిజోరీ యూనివర్సిటీది ఆరేళ్ల ప్రోగ్రాం, 1971 నుంచి నడుస్తోంది. అక్కడ విద్యార్థుల్ని చిన్న బృందాలుగా చేసి, ఒక్కో బృందాన్ని డోసెంట్ అనే డాక్టరుకు అప్పగిస్తారు. న్యూయార్క్‌లో సిటీ యూనివర్సిటీ వాళ్లది ఏడేళ్లది. 1973లో మొదలైంది, చాలాకాలం సోఫీ డేవిస్ పేరుతో నడిచింది, హార్లెమ్‌లో ఉంది. డాక్టర్లు దొరకని పేటల్లో ప్రైమరీ కేర్ చేసేవాళ్లను తయారుచేయడం దాని ఉద్దేశం. అక్కడికి వెళ్లి "నాకు న్యూరోసర్జన్ కావాలని చిన్నప్పటి కల" అంటే, అబద్ధం కాకపోవచ్చు గానీ, అడ్రసు తప్పింది. ఆరేళ్ల ప్రోగ్రాంలో పద్దెనిమిదేళ్లకే ఆసుపత్రి వాతావరణంలోకి వెళ్లడం మీకు నిజంగా ఇష్టమేనా? డిగ్రీలో చరిత్రో సంగీతమో చదువుకునే వెసులుబాటు కావాలా? ఇవి ఇంటర్వ్యూ ప్రశ్నలు మాత్రమే కావు, అప్లికేషన్ పెట్టకముందే మీరు తేల్చుకోవాల్సినవి. ఇంకొకటి, "సీటు ఖాయం" అన్న మాటను పూర్తిగా నమ్మకండి. చాలా చోట్ల ఇంత జీపీఏ తగ్గకూడదని, కొన్నిచోట్ల ఎంక్యాట్‌లో ఇంత రావాలని షరతులుంటాయి. అవి తెలియకుండా ఇంటర్వ్యూకు వెళ్లడం బాగుండదు.

"వై మెడిసిన్?" ఇది అడగని చోటు లేదు. నేను వినే జవాబుల్లో ఎక్కువ భాగం ఒకే మూసలో ఉంటాయి: నాకు సైన్స్ ఇష్టం, మనుషులకు సాయం చేయడం ఇష్టం, కాబట్టి మెడిసిన్. సైన్సూ సాయమూ నర్సు దగ్గర లేవా? ఫార్మసిస్టు దగ్గర లేవా? నర్స్ ప్రాక్టీషనరో ఫిజీషియన్ అసిస్టెంటో కాకుండా డాక్టరే ఎందుకు అని తిరిగి అడిగితే చాలామంది ఆగిపోతారు. షాడోయింగ్‌కు, అంటే డాక్టరు వెంట ఉండి పని చూడటానికి, వెళ్లినప్పుడు ఎవరేం చేస్తున్నారో గమనించిన పిల్లలు ఆగరు. ఎన్ని గంటలు చేశావన్నది కాగితం మీద ఉంటుంది. ఏం చూశావన్నది నువ్వే చెప్పాలి. ఒక అమ్మాయి నాతో, "డాక్టర్ గది బయటికి వచ్చాక పేషెంట్ నర్సుని అవే ప్రశ్నలు మళ్లీ అడిగింది అంకుల్, డాక్టర్ చెప్పింది ఆవిడకు అర్థం కాలేదు" అంది. ఆ ఒక్క మాట మీద పది నిమిషాలు మాట్లాడుకోవచ్చు. "చెయ్యి పట్టుకుని ఓదార్చాడు, నా జీవితం మారిపోయింది" లాంటివాటి మీద ఒక నిమిషం కూడా మాట్లాడలేం.

ఇప్పుడు ఎంఎంఐ. మల్టిపుల్ మినీ ఇంటర్వ్యూ. అందరికీ టెన్షన్ దీని మీదే కాబట్టి కొంచెం ఆగుతాను. కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్లు దీన్ని తయారుచేసి, 2004లో దాని మీద పరిశోధన పత్రం వేశారు. ఒకే మనిషి ముప్పావుగంట మాట్లాడి మార్కులు వేస్తే, ఆయనకు నచ్చడం, నచ్చకపోవడం మీదే అంతా ఆధారపడుతుంది. దాని బదులు వరసగా చిన్న చిన్న స్టేషన్లు పెడితే, ఒకచోట తడబడ్డా ఇంకోచోట కోలుకోవచ్చు. తలుపు మీద ఒక సందర్భం రాసి ఉంటుంది, చదువుకోవడానికి రెండు నిమిషాలు, లోపల దాదాపు ఎనిమిది నిమిషాలు. సంఖ్యలు చోటును బట్టి మారతాయి. కాబట్టి నాలుగో గదిలో పాడైందని ఐదో గదిలోకి ఏడుపు మొహంతో వెళ్లొద్దు. ఐదో గదిలో ఉన్నాయనకు నాలుగో గది సంగతి తెలియదు.

ఒక సందర్భం తీసుకుందాం. డెబ్బై ఏళ్ల పెద్దావిడకు క్యాన్సర్ అని తేలింది. కొడుకు వచ్చి, "డాక్టర్ గారూ, అమ్మకు చెప్పొద్దు, తట్టుకోలేదు" అంటాడు. ఏం చేస్తావు?

కోచింగ్ తీసుకున్న పిల్లలు వెంటనే ఆటానమీ (పేషెంటు నిర్ణయం పేషెంటుదే), బెనిఫిసెన్స్ (మేలు చేయడం), నాన్‌మాలెఫిసెన్స్ (కీడు చేయకపోవడం), జస్టిస్ (న్యాయం) అని వైద్య నీతి సూత్రాలు నాలుగూ అప్పజెప్పేస్తారు. తర్వాత, ఆటానమీ ముఖ్యం కాబట్టి ఆవిడకు చెప్పేస్తాను అంటారు. తప్పని అనను. కానీ ఆ కొడుకు ఎవరు? మన ఇళ్లలో మనం చూసిన మనిషే. ఎందరో అమ్మమ్మలకు, తాతయ్యలకు "గ్యాస్ట్రిక్ ప్రాబ్లం" అని చెప్పి కీమో ఇప్పించిన కుటుంబాలు ఈ హాల్లోనే ఉంటాయి. ఆ కొడుకు దుర్మార్గుడు కాడు, భయపడుతున్నాడు. అతని భయం ఏమిటో ముందు అడగాలని మనింట్లో పెరిగిన పిల్లకు తట్టాలి. అది తట్టకపోతే, ఇంట్లో చూసింది పక్కనపెట్టి పుస్తకంలోది వల్లెవేస్తోందని అర్థం.

ఇది మన దేశపు వెనకబాటుతనం అనుకునే పిల్లలకు ఒక సంగతి చెబుతాను. 1961లో షికాగోలోని ఒక ఆసుపత్రి డాక్టర్లను అడిగితే, దాదాపు 90 శాతం మంది క్యాన్సర్ సంగతి పేషెంటుకు చెప్పకపోవడానికే మొగ్గు చూపారు. 1979లో అమెరికాలోనే మళ్లీ అలాంటి సర్వే చేస్తే 97 శాతం మంది చెబుతామన్నారు. ఇరవై ఏళ్లు తిరగకుండానే అమెరికా డాక్టర్ల పద్ధతి తలకిందులైంది. కాబట్టి "మా సంస్కృతిలో ఇలా, అమెరికాలో అలా" అని గీత గీసేసి మాట్లాడకండి.

మరి నేనైతే ఏం చేస్తాను? కొడుకుతో కూర్చుని వింటాను. అబద్ధం మాత్రం చెప్పలేనని ముందే చెప్పేస్తాను. తర్వాత పెద్దావిడనే అడుగుతాను: "అమ్మా, పరీక్షల రిజల్ట్స్ వచ్చాయి. వివరాలన్నీ మీకే చెప్పమంటారా, మీ అబ్బాయితో మాట్లాడమంటారా?" కొందరు "వాడికే చెప్పండి బాబూ" అంటారు. అలా అనే హక్కు కూడా ఆవిడదే. చాలామంది పెద్దవాళ్లకు అప్పటికే అనుమానం వచ్చేసి ఉంటుంది, పిల్లలు బాధపడతారని తెలియనట్టు ఉంటారు. ఇది ఇంటర్వ్యూలో చెప్పాల్సిన "కరెక్ట్ ఆన్సర్" అని రాసుకోకండి, దయచేసి. ఇంకో పదిమంది ఇదే అప్పజెబితే ఇదీ పాతబడుతుంది. ఎవరెవరికి ఏం నష్టం, ఇంకా ఏం తెలుసుకోవాలి అని మీరు ఆలోచిస్తుంటే ఎదుటివాళ్లకు కనబడాలి. మధ్యలో అభిప్రాయం మార్చుకున్నా ఫర్వాలేదు.

దీని పక్కనే ఇంకొకటి. మన పిల్లల వ్యాసాల్లో తరచూ కనిపించేది: "ఇండియా నుంచి వచ్చిన మా అమ్మమ్మకు డాక్టర్ దగ్గర నేనే ట్రాన్స్‌లేట్ చేశాను." మంచి విషయమే, చెప్పండి. కానీ తర్వాతి ప్రశ్న ఊహించారా? ఆ పని నీ చేత చేయించడం సరైనదేనా? 2016లో వచ్చిన ఫెడరల్ నిబంధనల ప్రకారం, ప్రభుత్వ నిధులు అందుకునే ఆసుపత్రులు అత్యవసరమైతే తప్ప మైనర్ల చేత అలా చేయించకూడదు. ఎందుకో ఆలోచించండి. మూత్రం ఆగడం లేదనో, కింద మంటగా ఉందనో మనవడి నోటితో డాక్టరుకు చెప్పించే అమ్మమ్మ ఉంటుందా? "అంతా బానే ఉంది నాన్నా" అంటుంది. ఆ కుర్రాడు దాన్ని యథాతథంగా ఇంగ్లీషులోకి మారుస్తాడు. ఆ సాయానికి గర్వపడుతూనే దాని లోటు కూడా గుర్తించిన పిల్లవాడితో ఏ డాక్టరైనా ఇష్టంగా మాట్లాడతాడు.

హెల్త్ పాలసీ గురించి ఎక్కువ బెంగ వద్దు. మెడికేర్‌కూ మెడికెయిడ్‌కూ తేడా మాత్రం తెలియాలి. రెండూ 1965లోనే వచ్చాయి. మొదటిది ముఖ్యంగా 65 దాటినవాళ్లకు, రెండోది ఆదాయం తక్కువున్నవాళ్లకు. ఇన్సూరెన్సు లేని మనిషి ఎమర్జెన్సీకి వస్తే ముందు పరీక్షించి, అత్యవసర పరిస్థితి అయితే నిలకడకు తేవాలని 1986 చట్టం చెబుతోంది. ఆ తర్వాత బిల్లు ఏమవుతుందో మీ ఊరి సంగతి తెలిస్తే చాలు. బట్టల గురించి, కరచాలనం గురించి నేను చెప్పేదేమీ లేదు.

కోచింగ్ గురించి అడుగుతారు కాబట్టి నా అభిప్రాయం చెప్పేస్తాను. వేలకు వేల డాలర్లు పోసి కొనే ప్యాకేజీలు చాలామందికి అనవసరం. మంచి మార్కులున్న పిల్లలందరి చేత ఒకేలా మాట్లాడించడం వాటి వల్ల జరిగే మొదటి నష్టం. వారానికి ఒకసారి, మీకు పరిచయం లేని పెద్దమనిషితో, లైబ్రేరియనో, పక్కింటి రిటైర్డ్ టీచరో ఎవరైనా సరే, అరగంట మాట్లాడండి. ఫోన్లో రికార్డు చేసి ఒకసారి వినండి. "లైక్", "లైక్" ఎన్నిసార్లు వచ్చిందో మీకే వినబడుతుంది. జవాబులు రాసుకోవద్దు. చెప్పదలుచుకున్న నాలుగైదు సంఘటనలు గుర్తుంచుకుంటే చాలు, మాటలు అప్పటికప్పుడు రావాలి. ఇంటర్వ్యూలు ఎక్కువగా చలికాలంలో వస్తాయి, అంటే మీకు ఇప్పటి నుంచి బోలెడు టైముంది.

చివరిగా జూమ్ ఇంటర్వ్యూలు. అమ్మలూ నాన్నలూ, ఆ టైములో మీరు పక్క గదిలో కూడా ఉండొద్దు. కాస్త షాపింగ్‌కు వెళ్లండి. తలుపు చాటునుంచి మీరు సైగ చేస్తే పిల్లవాడి కళ్లు అటు తిరుగుతాయి, కెమెరాలో అది స్పష్టంగా కనబడుతుంది. మాక్ ఇంటర్వ్యూల్లోనే నాకు కనబడింది. కాఫీ కప్పుతో వెనక నుంచి నడిచి వెళ్లిన నాన్నలు కూడా ఉన్నారు. అవగానే "ఏం అడిగారు, ఏం చెప్పావు" అని మొదలుపెట్టకుండా అన్నం పెట్టండి.

ఇక ప్రశ్నలు అడగండి. ముందు పిల్లలు, పెద్దవాళ్లు ఆ తర్వాత.