మూడు పేజీల పేపర్, యాభై ఏళ్ల ప్రభావం

అందరికీ నమస్కారం. పరిశోధన ప్రభావాన్ని ఎలా కొలుస్తారో చెప్పమని నన్ను పిలిచారు. హెచ్-ఇండెక్స్ అంటే ఇది, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే అది అని బోర్డు మీద రాసేసి వెళ్లిపోవచ్చు గానీ, అవి మీ ఫోన్లో రెండు నిమిషాల్లో దొరుకుతాయి. అందుకని ఒక్క శాస్త్రవేత్తను తీసుకుందాం. ఆయన రాసిన పరిశోధన పేపర్లలో నాలుగైదు చూద్దాం, వాటిని లోకం ఎలా వాడుకుందో, ఎలా కాదందో, చివరికి ఎలా తనలో కలిపేసుకుందో చూద్దాం. ఆయన పేరు వీరభద్రన్ రామనాథన్.

చెన్నైలో పుట్టారు, అన్నామలై యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చదివారు. మొదటి ఉద్యోగం మన సికింద్రాబాద్‌లోనే, ఫ్రిజ్‌లు తయారుచేసే ఒక కంపెనీలో. అందులో వాడే గ్యాస్ యూనిట్లలోంచి ఎందుకంత త్వరగా లీకైపోతోందో కనిపెట్టడం ఆయన పని. ఆ గ్యాస్‌లే క్లోరోఫ్లోరోకార్బన్లు, మనం సీఎఫ్‌సీలు అంటాం. తర్వాత బెంగళూరు ఐఐఎస్సీకి, అక్కణ్నుంచి అమెరికాలోని స్టోనీ బ్రూక్‌కి పీహెచ్‌డీకి వెళ్లారు. అక్కడ ఆయన చేసింది అంగారకుడు, శుక్రుడు లాంటి గ్రహాల వాతావరణాల మీద పని, అంటే ఏ వాయువు ఏ తరంగదైర్ఘ్యం దగ్గర వేడిని పట్టి ఉంచుతుందనే లెక్క. ఫ్రిజ్ గ్యాస్‌తో దానికి సంబంధమే లేదు.

1974లో మోలినా, రోలండ్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు సీఎఫ్‌సీలు ఓజోన్ పొరను దెబ్బతీస్తాయని చెప్పారు. అందరి చూపూ ఓజోన్ మీదే ఉంది. అప్పుడు ముప్పై ఏళ్ల వయసులో, ఇంకా పోస్ట్‌డాక్‌గా, అంటే పీహెచ్‌డీ అయ్యాక తాత్కాలిక పరిశోధకుడిగా ఉన్న రామనాథన్ ఇంకో ప్రశ్న వేసుకున్నారు: ఇవి వేడిని పట్టి ఉంచవా?

ఇది కాస్త నిదానంగా చెప్తాను, మొత్తం కథ ఇక్కడే ఉంది కాబట్టి. భూమి తనలోని వేడిని పరారుణ కిరణాలుగా పైకి పంపుతుంది. నీటి ఆవిరి కొన్ని తరంగదైర్ఘ్యాలను పట్టేస్తుంది, కార్బన్ డయాక్సైడ్ ముఖ్యంగా 15 మైక్రోమీటర్ల చుట్టుపక్కల పట్టేస్తుంది. కానీ సుమారు 8 నుంచి 12 మైక్రోమీటర్ల మధ్య పెద్దగా ఎవరూ అడ్డుపడరు, వేడి నేరుగా అంతరిక్షంలోకి పోతుంది. తెరిచి ఉన్న కిటికీ లాంటిదన్నమాట. సీఎఫ్‌సీలు సరిగ్గా ఆ కిటికీలోనే అడ్డం నిలబడతాయి. అందుకే ఒక్క సీఎఫ్‌సీ అణువు దాదాపు పదివేల కార్బన్ డయాక్సైడ్ అణువులంత పని చేస్తుంది. ఇవి వంద కోట్ల అణువుల్లో రెండు చొప్పున గాలిలో చేరినా చాలు, భూమి ఉష్ణోగ్రత చెప్పుకోదగ్గంత పెరగవచ్చని ఆయన రాశారు. 1975 అక్టోబరులో 'సైన్స్' పత్రికలో, ఒక్కరి పేరు మీద, మూడు పేజీల్లో.

అప్పటిదాకా వాతావరణం వేడెక్కడమంటే కార్బన్ డయాక్సైడ్ గురించిన మాటే. ఆ పేపర్ తర్వాత మిగతా వాయువుల లెక్కా మొదలైంది. 1985లో ఆయనే ఇంకొందరితో కలిసి మీథేన్, నైట్రస్ ఆక్సైడ్, సీఎఫ్‌సీలు అన్నీ కూడితే కార్బన్ డయాక్సైడ్‌కి దాదాపు సమానంగా వేడి పెంచగలవని చూపించారు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. హెచ్-ఇండెక్స్ ఈ మనిషి గురించి ఏం చెప్తుంది? 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త దీన్ని ప్రతిపాదించారు. మన పేపర్‌ని ఇంకొకరు తమ పేపర్లో పేర్కొంటే అది ఒక సైటేషన్. హెచ్-ఇండెక్స్ 40 అంటే, కనీసం 40 సైటేషన్లు చొప్పున వచ్చిన పేపర్లు 40 ఉన్నాయని అర్థం. హిర్ష్ పనిచేసిన కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్‌డియెగో క్యాంపస్‌లోనే రామనాథన్ కూడా 1990 నుంచి పనిచేశారు, అక్కడి స్క్రిప్స్ అనే సముద్ర పరిశోధన సంస్థలో. ఆయన హెచ్-ఇండెక్స్ చాలా ఎక్కువ, అందులో సందేహం లేదు. కానీ ఆ అంకె వైపు నుంచి చూస్తే 1975 నాటి పేపర్ విలువ ఒకటి మాత్రమే. ఆయన జీవితంలో రాసింది ఆ ఒక్క పేపరే అయి ఉంటే హెచ్-ఇండెక్స్ 1 అయ్యేది, ఎన్ని వేల సైటేషన్లు వచ్చినా సరే. మంచి పేపర్ ఒకటి రాసినవాణ్ని, ఒక మోస్తరు పేపర్లు ఇరవై రాసినవాడి కంటే కింద కూర్చోబెట్టే కొలత ఇది. ఉద్యోగాలు ఇవ్వడానికి దీన్ని వాడటం తప్పని నా గట్టి అభిప్రాయం.

ఇంకో వైపు చూడండి. 1999లో హిందూ మహాసముద్రం మీద ఇండోఎక్స్ అనే పెద్ద ప్రయోగం జరిగింది. రామనాథన్, పాల్ క్రట్జెన్ దాని ముఖ్య శాస్త్రవేత్తలు, మన దేశం తరఫున ఎ.పి. మిత్ర నడిపించారు. మాల్దీవుల్లోని కాషిదూ దీవిలో ఒక కేంద్రం పెట్టారు, విమానాలు ఎగిరాయి, మన సాగర్‌కన్య నౌక సముద్రంలో తిరిగింది. రెండొందల మందికి పైగా శాస్త్రవేత్తలు పాల్గొన్నారు. దక్షిణాసియా మీద నుంచి సముద్రం దాకా గోధుమరంగు పొగ దుప్పటి పరుచుకుని ఉందని, అది నేల మీదికి వచ్చే ఎండను తగ్గిస్తోందని తేలింది. 2001లో వచ్చిన దాని ప్రధాన పేపర్‌కి చాలామంది రచయితలు. ఆ పేపర్‌కి వచ్చే ప్రతి సైటేషనూ అందులో ఉన్న ప్రతి ఒక్కరి ఖాతాలోనూ పూర్తిగా ఒకటిగా పడుతుంది. నౌక మీద వాంతులు చేసుకుంటూ ఫిల్టర్లు మార్చినవాళ్లలో ఎవరెవరి పేరు పైకి వచ్చిందో, ఎవరి పేరు చివర 'కృతజ్ఞతలు' అనే పేరాలో ఆగిపోయిందో ఏ డేటాబేసూ చెప్పదు. ఆ పేరాలో ఆగిపోయినవాళ్లకి సైటేషన్ సున్నా.

పేర్ల మాట వచ్చింది కాబట్టి మనవాళ్ల సంగతి ఒకటి. మన ఇంటిపేర్లు ముందొస్తాయి, లేదా రావు, రెడ్డి, శర్మ అని చివర ఉంటాయి. ఒక జర్నల్లో కె.ఎస్. రావు, ఇంకో దాంట్లో ఎస్. రావు, మరో దాంట్లో రావు కాస్తా మొదటి పేరైపోయి ఇంకెవరో. ఒక్క మనిషి ముగ్గురుగా చీలిపోతాడు, ముగ్గురు మనుషులు ఒక్కరిగా కలిసిపోతారు. దీనికి మందుగా 2012లో ఆర్కిడ్ అనే, ఒక్కో పరిశోధకుడికీ ఒక్కటే ఉండే నంబర్ మొదలైంది, ఖర్చేమీ లేదు. ఇంకా తీసుకోనివాళ్లు ఈ రాత్రే తీసుకోండి.

సరే, ఆ పొగ దుప్పటి దగ్గరికే మళ్లీ. 2002లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 'ఏషియన్ బ్రౌన్ క్లౌడ్' పేరుతో నివేదిక విడుదల చేసింది. మన దేశంలో పెద్ద గొడవైంది. బెంగళూరు శాస్త్రవేత్తలు జె. శ్రీనివాసన్, సులోచనా గాడ్గిల్ 'కరెంట్ సైన్స్' పత్రికలో గట్టి విమర్శ రాశారు. కొద్ది నెలల పాటు, ఏడాదిలో ఒక రుతువులో తీసిన కొలతల మీద ఆధారపడి వర్షాకాలం గురించి ఇంతంత మాటలు ఎలా అంటారన్నది వాళ్ల ప్రశ్న. న్యాయమైన ప్రశ్న. ఆ తర్వాత 'ఏషియన్' అనే మాట పోయి 'అట్మాస్ఫెరిక్' వచ్చింది, పరిశోధన ఇంకా విస్తరించింది. ఇప్పుడు లెక్కలోకి వెళ్లండి. ఈ విమర్శ కూడా రామనాథన్ బృందానికి సైటేషనే. పొగిడితే ఒకటి, తప్పుపడితే ఒకటి, పరిచయంలో ఊరికే పేరు చెప్పి వదిలేస్తే ఒకటి.

విచిత్రం ఏమిటంటే, ఏ పేపర్‌ని తర్వాత ఎవరెవరు పేర్కొన్నారో చూపించే సైటేషన్ సూచిక పుట్టిందే ఇలాంటి విమర్శలు వెతికి పట్టుకోడానికి. యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో ఈ ఆలోచన చెప్పినప్పుడు, ఒక పాత పేపర్‌ని వాడుకోబోయే శాస్త్రవేత్తకి దాని మీద తర్వాత ఎవరేం విమర్శించారో తెలియాలన్నది ఆయన ఉద్దేశాల్లో ఒకటి. 1960ల్లో సూచిక అచ్చయింది. వెతకడానికి పెట్టిన సాధనం మనుషులకు మార్కులు వేసే సాధనం అయిపోయింది.

నేను సైటేషన్లు పనికిరావు అనడం లేదు. 2008లో రామనాథన్, గ్రెగరీ కార్మైకేల్ కలిసి మసి మీద రాసిన పేపర్ చూడండి. కట్టెల పొయ్యి, డీజిల్ ఇంజను, ఇటుక బట్టీ, వీటి నుంచి వచ్చే నల్లటి మసి వేడిని పెంచడంలో కార్బన్ డయాక్సైడ్ తర్వాత రెండో స్థానంలో ఉండొచ్చని అందులో చెప్పారు. దానికి వేలల్లో సైటేషన్లు ఉన్నాయి. వాటిని తెరిచి చూస్తే హిమానీనదాల మీద పనిచేసేవాళ్లు, ఊపిరితిత్తుల డాక్టర్లు, పొయ్యిల డిజైన్ చేసేవాళ్లు, ఆర్థికవేత్తలు కనిపిస్తారు. ఒక పేపర్ ఎంత దూరం ప్రయాణించిందో అది చెప్తుంది. అలాగే 2006లో ఆయన ఇద్దరు ఆర్థికవేత్తలతో కలిసి, ఈ పొగ, గ్రీన్‌హౌస్ వాయువులు కలిసి మన దేశంలో వరి దిగుబడిని తగ్గించాయని చూపించారు. వాతావరణ శాస్త్రం వాళ్లు చూడని జర్నళ్లలోకి ఆ పేపర్ వెళ్లింది. ఎన్ని అన్నదాని కంటే ఎవరు, ఎందుకు అన్నది చూస్తే సైటేషన్ చాలా విలువైన సమాచారం.

ఇక లెక్కకే అందని ప్రభావం ఒకటుంది. ఒక విషయం అందరికీ తెలిసిపోయాక దాన్ని మొదట చెప్పినవాణ్ని ఎవరూ సైట్ చెయ్యరు. సీఎఫ్‌సీలు గ్రీన్‌హౌస్ వాయువులు అని ఇవాళ ఇంటర్ పుస్తకంలో ఉంటుంది, కింద 'రామనాథన్, 1975' అని ఉండదు. పేపర్ ఎంత గెలిస్తే పేరు అంత మాయమవుతుంది. ఓజోన్ కోసం 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. సీఎఫ్‌సీలు ఆగిపోవడం వల్ల భూమి ఇంకా ఎక్కువగా వేడెక్కే ప్రమాదం కూడా తప్పింది. సీఎఫ్‌సీల స్థానంలో వచ్చిన హెచ్‌ఎఫ్‌సీలు ఓజోన్‌ని ఏమీ చెయ్యవు గానీ వేడిని మాత్రం పట్టి ఉంచుతాయి. వాటిని తగ్గించడానికి 2016లో రువాండా రాజధాని కిగాలీలో ఇంకో ఒప్పందం జరిగింది. ఈ శతాబ్దం చివరికి అర డిగ్రీ దాకా వేడిని అది ఆపగలదని అంచనా. మన దేశం 2021లో దాన్ని ఆమోదించింది. మీ ఇంట్లో ఏసీ మీద ఆర్-22 పోయి ఆర్-32 అని స్టిక్కర్ వచ్చిందే, మెకానిక్ వచ్చి 'గ్యాస్ అయిపోయిందండీ, నింపాలి' అంటాడే, ఆ గ్యాస్ ఏదై ఉండాలి అన్న నిర్ణయం వెనక ఆ మూడు పేజీలు ఉన్నాయి. ఏ డేటాబేసూ ఆ స్టిక్కర్‌ని సైటేషన్‌గా లెక్కపెట్టదు.

పీహెచ్‌డీ చేస్తున్న పిల్లలకి ఒక్క మాట. మీ పేపర్‌ని ఎవరైనా సైట్ చేస్తే అంకె చూసి ఊరుకోకండి, ఆ పేపర్ తెరిచి మీ పేరున్న వాక్యం చదవండి. మీ పద్ధతి వాడుకున్నారా, మీ డేటా తీసుకున్నారా, మీతో విభేదించారా, లేక చదవకుండా వరుసలో పెట్టేశారా? మీరు సైట్ చేసేటప్పుడు కూడా అంతే, చదవని పేపర్ పేరు రాయకండి. ఎన్ని సైటేషన్లు వచ్చాయని రాత్రీపగలూ టెన్షన్ పడే వయసు కాదు మీది.

పెద్దలకి ఒక విన్నపం. జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్, అంటే ఒక జర్నల్లో వచ్చిన పేపర్లకి సగటున ఎన్ని సైటేషన్లు వస్తున్నాయనే అంకె చూసి మనిషికి విలువ కట్టొద్దని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో శాస్త్రవేత్తలు, సంపాదకులు ఒక ప్రకటన తయారుచేశారు, ఆ తర్వాత ప్రపంచమంతా వేల సంస్థలు, వ్యక్తులు సంతకం పెట్టారు. మన సెలక్షన్ కమిటీల్లో ఇంకా పేపర్లు లెక్కపెట్టి మార్కులు వేస్తున్నాం. దాని బదులు ప్రతి అభ్యర్థినీ తన పనిలో బాగున్నవి మూడు ఎంచుకోమందాం, కమిటీలో ప్రతి ఒక్కరూ ఆ మూడూ చదివి రావాలందాం, ఇంటర్వ్యూలో వాటి గురించే అడుగుదాం. శ్రమే, కాదనను. వచ్చే నియామకాల నుంచే ఈ పద్ధతి మొదలుపెట్టాలని మన విభాగాధిపతి గారిని ఇక్కడే, మీ అందరి ముందు అడుగుతున్నాను.