మొక్కు ఉంటేనే జడా?

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు పేరుపేరునా దండం పెట్టాలి గానీ నాకిచ్చిందే పది నిమిషాలు, అందరికీ కలిపి ఒకటే దండం. ‘వేషధారణ, లింగ గుర్తింపు’ అని అంశం ఇచ్చారు. పుస్తకాల్లోది మీరు చదువుకుంటారు, నేను మన ఊరి, మన తిరుపతి సంగతి చెబుతాను.

మే నెలలో గంగ జాతర చూడనోళ్లు ఈ హాల్లో ఉన్నారా? తాతయ్యగుంట గంగమ్మ గుడి దగ్గర మగపిల్లలు మీసం తీసేసి, అమ్మ పట్టుచీర కట్టుకుని, సవరంలో పూలు పెట్టుకుని వరసలో నిలబడతారు. కుచ్చిళ్లు సర్దేది పెళ్లాం, పిన్ను పెట్టేది అక్క. అసలు కథ చూడండి. ఆడపిల్లల్ని చెరబట్టే పాలెగాడు దాక్కుంటే, గంగమ్మ వేషాలు మార్చి మార్చి వెతికింది, దొర వేషంలో పోయి తల నరికింది. ఆ వేషాలు కట్టేది కైకాల వాళ్లింటి మగవాళ్లు. మగవాడు అమ్మవారవుతాడు, ఆ అమ్మవారు మళ్లీ దొర అవుతుంది! కొండ మీదా అంతే. బ్రహ్మోత్సవాల్లో ఐదో రోజు పొద్దున స్వామి మోహినిగా వస్తాడు, ఆ రాత్రే గరుడ వాహనం ఎక్కుతాడు. మనం గోవిందా అంటాం, ఇంకేం అడగం.

అలిపిరిలో గుండుతో ఆడమనిషి కనిపిస్తే ‘తలనీలాలు ఇచ్చిందిలే’ అంటాం. అదే మనిషి ఎండలకు తాళలేక క్రాపు కొట్టించుకుంటే? ‘ఏందమ్మా, మగరాయుడి మాదిరి!’

ఇక నా కడుపుమంట. నేను పనిచేసిన బడిలో, ఏ బడో అడగొద్దు, మూడో తరగతి పిల్లోడికి నడుము దాకా మొక్కు జుట్టు. వాళ్లమ్మ నూనె పెట్టి, రెండు జడలేసి, రిబ్బన్లు కట్టి పంపేది. ఏ టీచరూ ఒక్క మాట అనలేదు. అదే ఏడాది ఎనిమిదో తరగతి పిల్లోడొకడు చెవులు మూసేంత జుట్టు పెంచాడు, చిటికెన వేలికి గోరింటాకు పెట్టుకున్నాడు. ప్రేయర్‌లో అందరి ముందూ నిలబెట్టి, ఒక సారు కత్తెరతో ఒక పక్కే కత్తిరించాడు. రెండో పక్క వదిలేశాడు, బుద్ధి రావాలంట! స్టాఫ్ రూములో నిలదీస్తే, ‘వాడికి మొక్కేమన్నా ఉందా మేడమ్?’ అన్నారు. మర్నాడు ఆ పిల్లోడు గుండుతో వచ్చాడు. అదే సారు నవ్వుతా, ‘కొండకు పోయొచ్చినావా?’ అన్నాడు.

విన్నారా? జుట్టుకు కూడా పర్మిషన్ కావాలి, అదీ దేవుడి పేరు మీదే రావాలి.

జాతరలో చీర కట్టినోడు సాయంత్రానికి లుంగీలోకి వస్తాడు. తాను మగవాడినన్న సంగతిలో వాడికి ఏ అనుమానమూ లేదు. మరి చీర చూసి మనిషిని ఎట్లా తేలుస్తాం? ఆడా, మగా, మూడో లింగమా అన్నది ఎవరికి వారు చెప్పుకునేదేనని, దానికి ఆపరేషన్ చేయించుకోమని ఒత్తిడి చేయకూడదని 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు చెప్పింది. కట్టూబొట్టూ భావప్రకటన హక్కు కిందికే వస్తాయంది. తీర్పు వచ్చింది సరే, జాతర ముగిసిన మర్నాడు ట్రాన్స్ మహిళ గది అద్దెకు అడిగితే ‘ఇప్పుడే ఇచ్చేశామమ్మా’ అంటారు. బయట టు లెట్ బోర్డు అట్లాగే వేలాడతా ఉంటుంది.

చట్టం గురించి ఇంకా రాసుకొచ్చాను, అది వదిలేస్తా. రెండో వరసలో ఇద్దరు హెడ్మాస్టర్లు కూర్చున్నారు, పేర్లు చెప్పను. అయ్యా, జూన్‌లో బడులు తెరుస్తారు కదా, ప్రేయర్‌లోకి కత్తెర తెచ్చే పద్ధతి మీ దగ్గర ఉందా? జవాబు ఇప్పుడే వద్దు. సభ అయ్యాక టీ దగ్గర పట్టుకుంటాను. పిల్లల్లారా, మీరూ రండి.