ఘాటు దిగే బండి, గోడ అవతలి నిద్ర

డ్రైవర్ అన్నలకు, తమ్ముళ్లకు, ఓనర్లకు, మెకానిక్ మిత్రులకు నమస్కారం.

ఇరవై ఆరేళ్లు నేను విశాఖ రేవు నుంచి సాలూరు ఘాటు (కొండదారి) ఎక్కి, సుంకి, కొరాపుట్, జయపురం మీదుగా రాయపూర్ దాకా లారీ నడిపాను. అన్నేళ్లలో ఎగ్జాస్ట్ బ్రేకు (ఇంజిన్ పొగను అడ్డగించి బండిని నెమ్మదింపజేసే బ్రేకు) చప్పుడు ఒక్కసారి కూడా సరిగ్గా వినలేదని, స్టీరింగ్ వదిలేశాక గాని నాకు తెలియలేదు. క్యాబిన్లో కూర్చున్నవాడికి ఆ చప్పుడు వెనక్కి పోతుంది. అది వెళ్లేది రోడ్డు వార ఇళ్లలోకి.

మనవరాలికి మూడో నెల రాగానే అమ్మాయిని అత్తవారింట్లో దిగబెట్టి, ఆ రాత్రి అక్కడే పడుకున్నాను. ఘాటు దిగగానే వచ్చే ఊరు. రోడ్డుకీ ఇంటి గోడకీ మధ్య మురిక్కాలవ ఒక్కటే. రాత్రి రెండు దాటింది. పిల్ల అప్పుడే చీర ఉయ్యాలలో నిద్రలోకి జారింది. ముందు కిటికీ రెక్క సన్నగా వణికింది. గూట్లో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి చిన్నగా మోగాయి. ఆ తర్వాత వచ్చింది చప్పుడు. పిల్ల రెండు చేతులూ గాల్లోకి విసిరి కెవ్వుమంది. మా అమ్మాయి లేవనైనా లేదు. పడుకునే ఉయ్యాల తాడు అందుకుని ఊపుతూ, "రోజూ ఇంతే నాన్నా, తెల్లారేలోగా ఇంకా వస్తాయి" అంది.

చప్పుడు వింటేనే నాకు బండి కళ్లముందు కనబడింది. పాత బండి, సైలెన్సర్ కోసేసిన పైపు. పైన మూడో గేరులో దిగాల్సినవాడు ఐదులో వదిలేశాడు. ఊరి మొదట్లో స్పీడు ఎక్కువైందని గేర్లు దించుతూ ఎగ్జాస్ట్ బ్రేకు గట్టిగా పట్టించాడు. ఏళ్ల తరబడి నేనూ అలాగే దిగాను. ఆ ఊళ్లో ఎంతమంది పిల్లల్ని లేపానో ఆ రాత్రి మొదటిసారి ఆలోచించాను.

నా మాట తప్పుగా పట్టుకోవద్దు. ఎగ్జాస్ట్ బ్రేకు లాంటి ఇంజిన్ బ్రేకులు వాడకండని చెప్పడానికి నేను రాలేదు. అలా ఎవరైనా చెబితే వినకండి. 30 టన్నుల బండి 300 మీటర్ల ఎత్తు నుంచి దిగుతుందనుకోండి. ఆ బరువులో ఉన్న శక్తంతా వేడిగా మారితే దాదాపు 280 లీటర్ల చన్నీళ్లు కాగి మరుగుతాయి. పెద్ద డ్రమ్ము నిండా పోసి, ఇంకా మిగిలేన్ని నీళ్లు! కాలి బ్రేకు ఒక్కదాన్నే నమ్ముకుంటే ఆ వేడిలో ఎక్కువ భాగం చక్రాల్లోని బ్రేకు డ్రమ్ములే మింగాలి. మింగలేకపోతే వాసన వస్తుంది, పొగ వస్తుంది, ఆ తర్వాత పెడల్ ఎంత తొక్కినా బండి ఆగదు. డీజిల్ కలిసొస్తుందని న్యూట్రల్లో దిగేవాడికి ఇంజిన్ సాయం అసలే ఉండదు.

ఇంజిన్ బ్రేకుల్లో ఒక రకం పుట్టిందే అలాంటి భయంలోంచి. 1931లో క్లెస్సీ కమిన్స్, మనకు తెలిసిన కమిన్స్ ఇంజిన్ ఆయన పేరు మీదిదే, తన డీజిల్ ఇంజిన్ బిగించిన ట్రక్కులో న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెలిస్‌కి బయలుదేరారు. కాలిఫోర్నియాలో కహోన్ కనుమ దిగుతుండగా బ్రేకులు పట్టలేదు. కింద రోడ్డుకి అడ్డంగా రైలు పట్టాలు, వాటి మీద గూడ్సు బండి. వెంట్రుకవాసిలో తప్పించుకున్నారు. ఆ భయాన్ని ఆయన మర్చిపోలేదు. ఏళ్ల తర్వాత ఒక ఉపాయం కనిపెట్టారు. పిస్టన్ గాలిని బాగా నొక్కిన క్షణాన, ఆ గాలి పిస్టన్‌ని తిరిగి తన్నకముందే, ఎగ్జాస్ట్ వాల్వు తెరిచి బయటికి వదిలేయడం. 1961లో జేకబ్స్ కంపెనీ దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. నొక్కిన గాలి ఒక్కసారిగా పైపులోకి విడుదలవుతుంది కాబట్టే, సైలెన్సర్ లేని బండిలో ఆ టపటపమనే మోత. అమెరికాలో చాలా ఊళ్ల మొదట్లో ఇంజిన్ బ్రేకు వాడొద్దని బోర్డులుంటాయి. ఆస్ట్రేలియాలో దయచేసి తగ్గించి వాడమని రాస్తారు. ఆ రెండో బోర్డే నాకు నచ్చుతుంది, డ్రైవర్‌ని మనిషిగా చూసి అడిగినట్టు ఉంటుంది.

మన బండ్లలో ఎక్కువగా ఉన్నది వేరే రకం, ఎగ్జాస్ట్ బ్రేకు. ఎగ్జాస్ట్ పైపులో ఒక రేకు తలుపు మూసుకుంటుంది, పొగ బయటికి పోలేక ఇంజిన్ తిరగడం బరువై బండిని పట్టి ఉంచుతుంది. ఇది స్వతహాగా అంత మోత చేసేది కాదు. మోత చేసేది మనం కోసేసిన సైలెన్సరు. లాగుడు పెరుగుతుందని ఎవరో చెబితే కోయిస్తాం. మోటారు వాహనాల చట్టం 194ఎఫ్ సెక్షన్ ప్రకారం పొగను సైలెన్సర్ గుండా కాక పక్కనుంచి వదిలితే మొదటిసారి 1,000 రూపాయలు, మళ్లీ దొరికితే 2,000 జరిమానా. ఇళ్లున్న చోట రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఓనర్లు ఇక్కడే ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. పైపు కోయించమని డ్రైవర్‌తో అనకండి, కోసి ఉంటే ఈ నెలలోనే మార్పించండి. ఆ ఖర్చు డ్రైవర్ బత్తాలో కోయకండి.

ఇక మన చేతిలో ఉన్నది. ఊరి మొదట్లో ఎలా నడుచుకోవాలన్నది ఘాటు పైనే తేలిపోతుంది. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులో దిగాలని మన గురువులు చెప్పారు కదా, అది ప్రాణం కోసమే అనుకున్నాం. ఊరివాళ్ల నిద్ర కోసం కూడా పనికొస్తుందది. పైనే చిన్న గేరు వేసుకుని, కొండ మీద ఇళ్లు లేనిచోట ఇంజిన్ బ్రేకుని నిండుగా వాడుకుంటూ నిమ్మళంగా దిగితే, కిందికొచ్చేసరికి బ్రేకు డ్రమ్ములు చల్లగా ఉంటాయి. చల్లటి బ్రేకు చేతిలో ఉన్నవాడు ఊరు కనబడగానే ఇంజిన్ బ్రేకు స్విచ్ తీసేసి, కాలితో మెల్లగా పట్టుకుంటూ దాటేయగలడు. డ్రమ్ములు కాలిపోతున్నవాడికి ఆ అవకాశం లేదు. వాడు మోత మోగించక తప్పదు. టైం అయిపోతోందన్న టెన్షన్ నాకు తెలుసు. కానీ పైన నిదానంగా దిగితే పోయేది పది నిమిషాలు, అంతే.

ఖాళీ బండితో, వాన పడుతుంటే, ఘాటు మీద కూడా ఇంజిన్ బ్రేకుతో జాగ్రత్త. వెనక చక్రాలు జారతాయి. బ్రేకు మీద అనుమానం వచ్చిందా, అర్ధరాత్రైనా, ఆసుపత్రి ముందైనా ఇంజిన్ బ్రేకు పట్టించండి. ఊరు లేస్తే లేస్తుంది, మీరు బతకాలి.

ఇప్పుడు టీ తాగాక అందరం కోనవలస వైపు వెళదాం. ఇద్దరు కుర్రాళ్లు రెండు బండ్లు దింపుతారు. ఒకదానికి సైలెన్సర్ ఉంది, ఒకదానికి లేదు. ఇళ్లవాళ్లకు నిన్ననే చెప్పి, ఒప్పుకున్నాకే పెట్టుకున్నాం. అక్కడ ఎవరూ క్యాబిన్ ఎక్కొద్దు, గోడ పక్కన నిలబడి విందాం.