బడిలోనే వైద్యం

శ్రోతలకు నమస్కారం. మన విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు ఉంది కదా. 1962లో బర్మాలో సైన్యం గద్దెనెక్కి, ఆ తర్వాత దుకాణాలు జాతీయం చేసేస్తే, తరాల తరబడి అక్కడ బతికిన మనవాళ్లు ఎందరో ఓడలెక్కి వచ్చేశారు. పెద్దవాళ్లకు బతుకుతెరువు బెంగ. మరి వాళ్ల వెంట వచ్చిన పిల్లలకో? పిల్లల బెంగ పట్టించుకునే అలవాటు ఆ రోజుల్లో మనకు లేదు.

ఇప్పుడు కొన్నిచోట్ల ఉంది. అందులో ఒకటి చెబుతాను. ఊరు బోస్టన్, అమెరికా.

సోమాలియాలో 1991లో ప్రభుత్వం కూలింది. జనం కెన్యా శిబిరాల్లో ఏళ్లకేళ్లు గడిపారు, కొందరు బోస్టన్ చేరారు. ఆ ఊళ్లో పెద్దాసుపత్రులకు కొదవలేదు. అయినా పిల్లల్ని మనసు డాక్టరుకు చూపించేవాళ్లు తక్కువ. ఎందుకంటారా? పిచ్చి అంటారని! మనమేం తక్కువ తిన్నామా? చినవాల్తేరు మానసిక ఆసుపత్రి పేరెత్తాలంటే ఇప్పటికీ గొంతు తగ్గిస్తాం.

అక్కడి పిల్లల ఆసుపత్రిలో హైడీ ఎల్లిస్ అనే మనస్తత్వవేత్త, ఆవిడ బృందం ఏం చేశారంటే, సోమాలీ సంఘం వాళ్లను, బడివాళ్లను కలుపుకొని షిఫా అనే కార్యక్రమం పెట్టారు. ముందు తల్లిదండ్రులతో మాటలు. తర్వాత బడిలోనే, ఇంగ్లీషు నేర్చుకుంటున్న సోమాలీ పిల్లలందరినీ గుంపులుగా కూర్చోబెట్టారు. అందరినీ! రోగం ఉన్నవాళ్లని ఏరి కాదు. అందరూ ఉంటే ఎవరి మీదా ముద్ర పడదు కదా. నాకు బాగా నచ్చింది ఇదే. ఆటలు, కబుర్లు, కొత్త ఊళ్లో స్నేహాలు ఎలా కలుపుకోవాలి, కోపమొస్తే ఏం చెయ్యాలి, ఇవీ అక్కడి సంగతులు. యుద్ధం కథలు చెప్పించడం ఆ గుంపు పని కాదు. ఇంకా సాయం కావలసిన కొద్దిమందికే విడిగా చికిత్స. అప్పుడు కూడా వైద్యుల పక్కన ఆ భాష, ఆ ఇంటి మర్యాద తెలిసిన సోమాలీ మనిషి. ఆ మనిషి లేకపోతే ఈ పని నడిచేది కాదని నా అభిప్రాయం. పిల్లల్లో భయం, దిగులు తగ్గాయని 2013లో ప్రచురించారు. చిన్న అధ్యయనమే అనుకోండి.

మన సంగతికొద్దాం. 2014లో హుద్‌హుద్ తుఫాను, 2020 మే 7న వెంకటాపురంలో విషగ్యాసు లీకు. ఇల్లు వదిలి పరిగెత్తిన పిల్లలు మనకూ ఉన్నారు. అలాంటి పిల్లాడు ఎదురైతే మనం చేసే మొదటి పని "ఏమైందమ్మా, చెప్పు" అని అడగడం. అడగకండి. చుట్టాలొచ్చినప్పుడల్లా చెప్పించకండి. పొక్కు గిల్లినట్టవుతుంది. జరిగింది చెప్పమని బలవంతపెట్టవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అంటుంది. తనంతట తాను చెబితే వినండి. తిన్నాడా, పడుకున్నాడా చూడండి. వీలైనంత త్వరగా బడికి పంపండి.

వారాలు గడిచినా నిద్రలో కేకలు, పక్క తడపడం, మాట్లాడకపోవడం తగ్గకపోతే టెలీ మానస్‌కు, అంటే మనసు బాధలకు ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయానికి, ఫోన్ చెయ్యండి. నంబరు 14416. మళ్లీ చెబుతున్నాను, 14416. డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. పిల్లాడే మాట్లాడాలని లేదు. అమ్మ చెయ్యొచ్చు, టీచరు చెయ్యొచ్చు, పక్కింటి పిన్నిగారైనా చెయ్యొచ్చు.