ఫోన్-ఇన్: ‘ఆ ఫైలు లేదండీ’ అన్నప్పుడు ఏం అడగాలి?

నిర్వాహకురాలు: నమస్కారం. ప్రభుత్వ ఆఫీసులో ఏ కాగితం ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది ఎవరు, ఎప్పుడు, ఏ లెక్కన తేలుస్తారు? ఈ సంగతి క్షుణ్ణంగా తెలిసిన నిపుణులు స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ జనగామ నుంచి. చెప్పండన్నా.

శ్రోత (జనగామ): నమస్తే మేడం, నమస్తే సార్. మా నాయిన చనిపోయినంక 1996ల మా అన్నదమ్ముల పేర్ల మీద విరాసత్ చేసిండ్రు. ఆ ఫైలు నకలు అడిగితే మండల ఆఫీసుల రికార్డు లేదంటున్నరు. గంతేనా ఇగ?

నిపుణుడు: అంతటితో వదలకండి. ‘లేదు’ అన్న మాటకు మూడు అర్థాలు ఉండొచ్చు. వెతికినా దొరకలేదు. గడువు తీరి ధ్వంసం చేశారు. లేదా అసలు కాగితాలు ఇంకో ఆఫీసుకు వెళ్లిపోయాయి. వీటిలో ఏదో రాతపూర్వకంగా చెప్పించుకోవాలి.

ఫైలు ఆయుష్షు దాన్ని మూసిన రోజునే తేలిపోతుంది. సెక్షన్ గుమాస్తా ప్రతిపాదిస్తాడు, అధికారి సంతకం పెడతాడు. జిల్లా ఆఫీసు మాన్యువల్ ప్రకారం అప్పుడు ఫైలు నంబరుకు ముందు ఒక అక్షరం పడుతుంది. ఆర్.డిస్ అంటే శాశ్వతంగా ఉంచాలి. డి.డిస్ అంటే పదేళ్ల తర్వాత తీసేయొచ్చు. ఎల్.డిస్‌కు ఏడాదే. ఎన్.డిస్ అని ఉంటే అసలు కాగితాలను వచ్చినచోటికే తిప్పి పంపేశారని అర్థం. అప్పుడు ఈ ఆఫీసు చుట్టూ తిరిగి లాభం లేదు. భూమి హక్కు మారిన ఫైలును ఆర్.డిస్‌గా మూయడమే సరైన పద్ధతి. ఎవరో తొందరలో డి.డిస్ అని రాస్తే, ఆ ఒక్క అక్షరంతో మీ కాగితానికి పదేళ్ల ఆయుష్షే మిగులుతుంది.

నిర్వాహకురాలు: ఫైలే లేనప్పుడు ఆ అక్షరం ఎక్కడ చూడాలి సార్?

నిపుణుడు: పర్సనల్ రిజిస్టర్లో. ప్రతి సెక్షన్ గుమాస్తా దగ్గరా ఒకటి ఉంటుంది. తపాలు నంబరు, తేదీ, ఎవరి నుంచి, విషయం వరుసగా రాసి, చివర్లో ఫైలును ఎలా మూశారో, ఏ తేదీన మూశారో రాస్తారు. అందుకే సమాచార హక్కు దరఖాస్తులో ‘ఫైలు నకలు ఇవ్వండి’ అని ఒక్క ముక్క రాసి ఊరుకోవద్దు. ఇలా రాయండి: 1996కు సంబంధించిన పర్సనల్ రిజిస్టర్లో నా ఫైలు నమోదైన పేజీ నకలు ఇవ్వండి. ఫైలును ఏ వర్గంగా, ఏ తేదీన మూశారో తెలపండి. రికార్డు గదికి పంపిన నమోదు చూపండి. ధ్వంసం చేసి ఉంటే అనుమతి ఉత్తర్వూ, ధ్వంసం చేసిన ఫైళ్ల జాబితాలో ఆ పేజీ ఇవ్వండి.

మండల స్థాయిలో ఫీజు 5 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. జవాబు రాకపోయినా, నచ్చకపోయినా ఆ తర్వాత 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయాలి. మీరు అడిగిన సమాచారాన్ని ఆ తర్వాత కావాలని ధ్వంసం చేశారని తేలితే, సమాచార కమిషన్ ఆ అధికారికి 25,000 రూపాయల దాకా జరిమానా వేయొచ్చు.

ఇంకో మాట. విరాసత్ అయ్యాక ఆ ఏడాది, తర్వాతి ఏడాది పహాణీల్లో, అంటే ఏటా రాసే భూమి లెక్కల్లో, మీ పేర్లు ఎక్కి ఉండాలి. వాటి నకళ్లూ అడగండి. అంతకు ముందటి హక్కు చూపాలంటే 1954-55 ఖస్రా పహాణీ ఉండనే ఉంది.

నిర్వాహకురాలు: తెనాలి నుంచి ఒక అమ్మ లైన్లో ఉన్నారు.

శ్రోత (తెనాలి): నమస్కారమండీ. మూడేళ్ల కిందట స్థలం రిజిస్ట్రేషన్ చేయించాం. మావారికి ఒంట్లో బాగోక దస్తావేజు తెచ్చుకోలేదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనే ఉండిపోయింది. భద్రంగానే ఉంటుంది కదండీ?

నిపుణుడు: రేపే వెళ్లండమ్మా. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 85వ సెక్షన్ ప్రకారం, వీలునామా తప్ప మిగతా దస్తావేజులు రెండేళ్లకు మించి ఎవరూ తీసుకోకుండా ఉండిపోతే వాటిని ధ్వంసం చేయొచ్చు. రసీదు తీసుకెళ్లండి. ఒకవేళ దస్తావేజు పోయినా హక్కు పోదు. ఒకటో పుస్తకంలో దాని ప్రతి ఉంటుంది, ధ్రువీకరించిన నకలు ఇస్తారు. కానీ అసలు కాగితం చేతిలో లేకపోతే బ్యాంకు అప్పు దగ్గరా, అమ్మకం దగ్గరా ఇబ్బంది పడతారు.

కోర్టులో దావా వేసినవాళ్లకూ ఇదే చెప్తాను. సాక్ష్యంగా ఇచ్చిన అసలు పత్రాలను కేసు, అప్పీలు ముగిశాక దరఖాస్తు పెట్టి వెనక్కి తెచ్చుకోండి. గడువు దాటాక కోర్టులూ కట్టలు ఖాళీ చేస్తాయి.

నిర్వాహకురాలు: విజయనగరం నుంచి చరిత్ర విద్యార్థి.

శ్రోత (విజయనగరం): సార్, ఫలానా ఫైలుకు చారిత్రక విలువ ఉందని కేంద్ర ప్రభుత్వంలో ఎవరు నిర్ణయిస్తారు?

నిపుణుడు: అక్కడ వర్గాలు మూడు. ‘ఎ’ అంటే శాశ్వతంగా ఉంచి, భద్రత కోసం మైక్రోఫిల్మ్ కూడా తీయాల్సినవి. ‘బి’ కూడా శాశ్వతమే, మైక్రోఫిల్మ్ అక్కర్లేదు. ‘సి’కి మూసినప్పటి నుంచి పదేళ్లకు మించని గడువు. ఏ రకం ఫైలు ఏ వర్గమో ముందే పట్టిక ఉంటుంది. ఆ శాఖకే ప్రత్యేకమైన ఫైళ్ల పట్టికను జాతీయ అభిలేఖాగారంతో, అంటే నేషనల్ ఆర్కైవ్స్‌తో, సంప్రదించి తయారు చేస్తారు. కనీసం ఐదేళ్లకోసారి దాన్ని సరిచూడాలి.

పాతికేళ్లు దాటిన రికార్డును మదింపు చేయకుండా ధ్వంసం చేయకూడదు. 1993 పబ్లిక్ రికార్డ్స్ చట్టం ఇంకా గట్టిగా చెప్తుంది: 1892కు ముందు పుట్టిన కాగితాన్ని ముట్టుకోకూడదు. అది ఎందుకూ పనికిరానంతగా పాడైందని అభిలేఖాగారం అధిపతి తేలిస్తే తప్ప. ధ్వంసం నియమాలను మీరితే ఐదేళ్ల దాకా జైలు, 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

అయితే ఈ చట్టం కేంద్రానికీ, కేంద్రపాలిత ప్రాంతాలకూ, కేంద్ర సంస్థలకూ వర్తిస్తుంది. మన తహశీల్దారు ఆఫీసుకు రాష్ట్ర నిబంధనలే ఆధారం. మీ పరిశోధన కోసం చెప్తున్నా, మద్రాసు కాలంనాటి కోస్తా జిల్లాల రికార్డులు కొన్ని చెన్నై ఎగ్మూరులోని రాష్ట్ర అభిలేఖాగారంలో ఉన్నాయి. నిజాం కాలంనాటివి హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో.

నిర్వాహకురాలు: కాకినాడ నుంచి ఒక జూనియర్ అసిస్టెంట్.

శ్రోత (కాకినాడ): సార్, మా రికార్డు గది ఖాళీ చేయమని నాకు అప్పగించారు. ఎక్కడ తప్పు జరిగే అవకాశం ఉందో చెప్పండి.

నిపుణుడు: మంచి ప్రశ్న. మొదటి తప్పు ఏడాది లెక్కలో. ఫైలు నంబరులో 2009 అని కనిపించగానే పదేళ్లు దాటాయనుకుంటారు. ఆ ఫైలును 2018లో మూసి ఉంటే డి.డిస్ గడువు 2028 దాకా ఉంటుంది. మూసిన తేదీ చూడండి.

రెండోది చాలా నష్టం చేస్తుంది. డి.డిస్ ఫైలు విప్పి చూడండి, లోపల ఆధారం కోసం జతచేసిన పాత ఆర్.డిస్ ఫైలు ఒకటి దారంతో కుట్టేసి ఉండొచ్చు. పని అయ్యాక దాన్ని విడదీసి దాని చోట పెట్టాలి. పెట్టరు. కట్టమీది చీటీ చూసి మొత్తం పక్కన పడేస్తే శాశ్వత ఫైలు కూడా దాంతోపాటే పోతుంది. అందుకే కట్ట చూసి నిర్ణయించొద్దు. ప్రతి ఫైలూ తెరవాలి, చివరి పేజీ దాకా తిప్పాలి.

గడువు తీరినా నాలుగు రకాలు ఆపాలి: ఆడిట్ అభ్యంతరం తేలనివి, కోర్టు కేసు ఉన్నవి, క్రమశిక్షణ విచారణో పెన్షనో తేలనివి, సమాచార హక్కు దరఖాస్తులో అడిగినవి. ఆ సెక్షన్ల నుంచి అభ్యంతరం లేదని రాయించుకున్నాకే జాబితా పైకి పంపండి.

జాబితాలో ‘పాత ఫైళ్లు, 3 కట్టలు’ అని రాయకండి. ఫైలు నంబరు, విషయం, మూసిన తేదీ, వర్గం, ఒక్కో ఫైలుకు ఒక్కో వరుస. కేంద్ర నియమాల్లో ఈ జాబితాను శాశ్వతంగా ఉంచాలి. రాష్ట్ర ఆఫీసులోనూ అలాగే ఉంచమంటాను. ఇందాక జనగామ నుంచి మాట్లాడిన ఆయనకు కావాల్సింది ఈ కాగితమే. అధికారి ఉత్తర్వు వచ్చాక ముక్కలు చేయించడమో, కాల్చడమో బాధ్యుడైన అధికారి ఎదుటే జరగాలి. తూకానికి అమ్మితే జనం ఆధార్ నంబర్లూ, సంతకాలూ పొట్లాల మీద ఊరంతా తిరుగుతాయి.

శ్రోత (కాకినాడ): చెదలు తినేసినవి ఉన్నాయి సార్, వాటినీ ఈ జాబితాలోనే కలిపేయమంటున్నారు.

నిపుణుడు: కలపొద్దు. గడువు తీరి తీసేసినవి వేరు, పాడైపోయినవి వేరు. వాటికి వేరే నివేదిక రాసి, మిగిలిన ముక్కలు కవర్లో పెట్టండి. బీరువాలను గోడకు జానెడు ఎడంగా, నేలకు తగలకుండా ఎత్తుమీద పెట్టించండి. చెదలు పైకెక్కేది గోడ పట్టుకునే.

నిర్వాహకురాలు: చివరి కాల్, న్యూజెర్సీ నుంచి.

శ్రోత (న్యూజెర్సీ): నమస్కారమండీ. మా అమ్మ 1968లో పుట్టింది. జనన ధ్రువపత్రం కావాలి. తాతగారి ఊళ్లో రిజిస్టర్ చూసి పేరు లేదన్నారు. పాత రిజిస్టర్లు తీసేస్తారా?

నిపుణుడు: జనన మరణాల రిజిస్టర్ శాశ్వత రికార్డు, దాన్ని తీసేయకూడదు. వెతకడంలో పొరపాటు జరిగి ఉండొచ్చు. అప్పట్లో చాలామంది పిల్లల నమోదు పేరు లేకుండా ‘ఆడ శిశువు’ అనే జరిగేది. తండ్రి పేరు, తేదీ పట్టుకుని చూడమనండి. ఆలస్యంగా రాయించి ఉంటే 1969 పుస్తకంలో ఉంటుంది. అన్నిటికన్నా ముందు, కాన్పు ఎక్కడ జరిగింది?

శ్రోత (న్యూజెర్సీ): అమ్మమ్మ పుట్టింట్లో. పామర్రు దగ్గర ఊరు.

నిపుణుడు: జననం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు. మీరు వేరే ఊరి పుస్తకం చూపించారన్నమాట. పామర్రు వైపు ఆ ఊరి రిజిస్టర్ చూపించమనండి. అక్కడా లేకపోతే నమోదు లేదని ధ్రువపత్రం తీసుకుని, ఆలస్య నమోదుకు దరఖాస్తు పెట్టాలి. ఏడాది దాటిన జననానికి ఇప్పుడు జిల్లా మేజిస్ట్రేట్, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్, లేదా జిల్లా మేజిస్ట్రేట్ అధికారం ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి.

శ్రోత (న్యూజెర్సీ): మా మేనమామ అక్కడే ఉన్నారు. ఇవాళే చెప్తానండీ.