అమ్మ కాల్ మాత్రం మోగాలి: డూ నాట్ డిస్టర్బ్ సరిగ్గా పెట్టుకుని పనిలో కూర్చోవడం ఎలా

హాయ్ అండి, అందరికీ నమస్కారం. వాయిస్ వస్తోంది కదా, ఆ, వస్తోంది. వెనకాల బెంగళూరు మారతహళ్లి ట్రాఫిక్ కొంచెం వినిపిస్తుంది, కిటికీలన్నీ మూసేశా, ఇంతకంటే తగ్గదు. ఈరోజు ఒక నోట్‌బుక్కు, ల్యాప్‌టాపు, ఫోను, ఈ మూడింటినీ ఎలా సెట్ చేసుకుంటే పనిలో కుదురుగా కూర్చోగలమో చూద్దాం. కొత్త యాప్ ఏదీ వేసుకోవాల్సిన పని లేదు. నోట్‌బుక్ పని రెండు నిమిషాలు, ల్యాప్‌టాప్ పని రెండు నిమిషాలు, ఫోన్ దగ్గర మాత్రం చాలాసేపు ఆగుతా, ఎందుకో అక్కడికొచ్చాక చెప్తా.

సరే, నోట్‌బుక్. ఇదిగో, అవెన్యూ రోడ్డులో కొన్న చిన్న పుస్తకం, జేబులో పట్టేది. పొద్దున ల్యాప్‌టాప్ తెరవకముందే మూడు పనులు రాస్తా, మూడే. ఫోన్‌లో నోట్స్ యాప్ ఉంది కదా అంటారు, ఉంది, కానీ ఆ లిస్టు చూద్దామని ఫోన్ తీస్తాం, తీస్తే పైన వాట్సాప్ గుర్తు కనిపిస్తుంది, ఇంక లిస్టు సంగతి అయిపోయినట్టే. అందుకే కాగితం. రాసేటప్పుడు ఒకటి చూసుకోండి, "రిపోర్ట్" అని రాయకండి, "రిపోర్ట్‌లో రెండో సెక్షన్ రాయాలి" అని రాయండి. ఉత్త "రిపోర్ట్" అని ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మధ్యాహ్నం దాకా దాని చుట్టూనే తిరుగుతాం.

ల్యాప్‌టాప్. స్క్రీన్ చూడండి, ట్యాబ్‌లు ఎన్ని ఉన్నాయో, ఇవన్నీ తర్వాత చదువుదామని ఉంచుకున్నవి. క్రోమ్‌లో కంట్రోల్ షిఫ్ట్ డి కొట్టండి, అన్నీ ఒక ఫోల్డర్‌లో బుక్‌మార్క్ అయిపోతాయి, తేదీ పేరు పెట్టండి, విండో మూసేయండి. పొరపాటున కావాల్సింది మూసేస్తే కంట్రోల్ షిఫ్ట్ టి, మళ్లీ వచ్చేస్తుంది, భయం అక్కర్లేదు. తర్వాత విండోస్ కీ, కంట్రోల్, డి, ఈ మూడూ కలిపి నొక్కితే కొత్త డెస్క్‌టాప్ వచ్చింది, చూశారా, ఖాళీగా. ఇందులో ఒక్క పనికి సంబంధించినవే తెరుస్తా. మెయిలు, చాటు ఆ పక్క డెస్క్‌టాప్‌లో ఉంటాయి, విండోస్ కంట్రోల్ బాణం గుర్తుతో అటూ ఇటూ వెళ్లొచ్చు. నాకు అన్నిటికంటే ఇష్టమైన షార్ట్‌కట్ ఇదే, ఆఫీసులో పక్క సీటువాళ్లకి కన్నడలో చెప్పా, హిందీలో చెప్పా, ఇప్పుడు తెలుగులో మీకు చెప్తున్నా.

ఇంతా ఎందుకంటే, సోఫీ లెరోయ్ అనే పరిశోధకురాలు 2009లో ఒక పేపర్ రాశారు. ఒక పని సగంలో వదిలేసి ఇంకో పనికి వెళ్తే మన ధ్యాస పూర్తిగా కొత్త పనికి రాదు, కొంత పాతదాని దగ్గరే ఉండిపోతుంది, దానివల్ల కొత్త పని కూడా సరిగ్గా చేయలేం. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో చేస్తా, లాగ్ ఫైల్, అంటే ప్రోగ్రామ్ ఏం చేసిందో వరసగా రాసి ఉండే ఫైల్, చదువుతూ చదువుతూ మధ్యలో ఒక చాట్‌కి జవాబిచ్చి తిరిగొస్తే చదివిన లైనే మూడుసార్లు చదవాల్సొచ్చేది. నా బుర్రే మొద్దుబారిందేమో అనుకున్నా కొన్నాళ్లు. అది చదివాక కొంచెం ఊపిరి పీల్చుకున్నా.

ఇప్పుడు ఫోన్. ఇక్కడ మాత్రం వీడియో ముందుకు జరపొద్దు, ప్లీజ్.

ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్ తెరిచి పైన సెర్చ్‌లో డూ నాట్ డిస్టర్బ్ అని కొట్టండి, ఒక్కో కంపెనీ ఒక్కోచోట పెడుతుంది కాబట్టి సెర్చే సుఖం, కొత్త ఫోన్లలో కొన్నింట్లో మోడ్స్ అనే పేరు కింద ఉంటుంది. ఆన్ చేయగానే అంతా నిశ్శబ్దం. చాలామంది ఇక్కడితో అయిపోయింది అనుకుంటారు. నేనూ అంతే అనుకున్నా.

పోయినేడు వానాకాలంలో ఒక రిలీజ్ రోజు ఇలాగే ఆన్ చేసి కూర్చున్నా. మాది హిందూపురం, ఇక్కడికి సుమారు వంద కిలోమీటర్లు. ఆ రోజు నాన్న కళ్లు తిరిగి పడిపోయారు. అమ్మ నంబర్ నాకు స్టార్ కాంటాక్ట్‌లోనే ఉంది, అంటే స్టార్ గుర్తు పెట్టి డూ నాట్ డిస్టర్బ్‌లో కూడా మోగేలా ఉంచిన నంబర్, కానీ అమ్మ ఫోన్‌లో ఛార్జింగ్ లేదు. పక్కింటి ఆంటీ ఫోన్ నుంచి ఒకసారి చేసింది, తర్వాత వాళ్లబ్బాయి ఫోన్ నుంచి ఒకసారి, ఆసుపత్రికి వెళ్లాక అక్కడ ఎవరిదో ఫోన్ అడిగి ఒకసారి. మూడు నంబర్లు, మూడు కాల్స్, నా ఫోన్ ఒక్కటీ మోగలేదు. రెండు గంటల తర్వాత చూసుకున్నా. నాన్న ఇప్పుడు బాగున్నారు. కానీ ఆ రెండు గంటలూ అమ్మ ఒక్కతే అక్కడ నిలబడి ఉంది, అది నాకు ఇప్పటికీ బాధే. ఆ తర్వాత రెండు నెలలు ఫోన్ సైలెంట్‌లో పెట్టడానికే చెయ్యి రాలేదు, పనంతా చెల్లాచెదురైంది. మళ్లీ కూర్చుని ప్రతి ఆప్షనూ చదివా. అదే ఇప్పుడు చూపిస్తా.

పీపుల్ నొక్కండి, కాల్స్ నొక్కండి. స్టార్డ్ కాంటాక్ట్స్ ఎంచుకోండి. ఇప్పుడు స్టార్ ఎవరికి పెట్టాలి, అమ్మానాన్నలకి పెట్టి ఆపేయకండి. వాళ్లకేదైనా అయితే వాళ్లు ఎవరి ఫోన్ తీసుకుంటారో ఆలోచించండి, స్టార్ వాళ్లకి పెట్టాలి. పక్కింటి ఆంటీ, వాళ్లబ్బాయి, నాన్న చూపించుకునే డాక్టర్ గారి క్లినిక్, ఇక్కడ మీ అపార్ట్‌మెంట్ సెక్యూరిటీ, పిల్లలుంటే స్కూల్ వ్యాన్ డ్రైవర్. నాకు తొమ్మిది మంది తేలారు.

కింద ఇంకొకటుంది చూడండి, రిపీట్ కాలర్స్. ఇది ఆన్ చేయండి. అదే నంబర్ నుంచి 15 నిమిషాల్లో రెండోసారి కాల్ వస్తే మోగనిస్తుంది. అదే నంబర్, మళ్లీ చెప్తున్నా, అదే నంబర్. నాకు దెబ్బతగిలింది ఇక్కడే. ఐఫోన్‌లో కూడా ఫోకస్‌లో, అంటే అక్కడ డూ నాట్ డిస్టర్బ్ ఉండే చోట, ఇలాంటిదే ఉంది, కానీ అక్కడ గడువు 3 నిమిషాలే. ఐఫోన్‌లో ఇంకో మంచిది, కాంటాక్ట్ ఎడిట్ చేసి రింగ్‌టోన్‌లోకి వెళ్తే ఎమర్జెన్సీ బైపాస్ ఉంటుంది, అది ఆన్ చేసిన మనిషి కాల్ ఫోన్ సైలెంట్‌లో ఉన్నా మోగుతుంది.

ఇక ఫోన్‌లో లేని సెట్టింగ్ ఒకటుంది, ఇంటికి చెప్పడం. అమ్మకి నేనిలా చెప్పా: "అమ్మా, అర్జంటయితే ఎవరి ఫోన్ నుంచైనా సరే, ఒకే ఫోన్ నుంచి వెంటవెంటనే రెండుసార్లు చెయ్యి. వాట్సాప్ కాల్ వద్దు, మామూలు కాల్ చెయ్యి." ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించి వచ్చా, ఆంటీకి కూడా చూపించా. టీమ్‌కీ అంతే, స్టేటస్‌లో "పదకొండున్నర దాకా పనిలో ఉంటా, అర్జంటయితే కాల్ చేయండి" అని పెడతా. కాల్ చేసేది వారానికి ఒకరో ఇద్దరో, మిగతావన్నీ పదకొండున్నర దాకా ఆగేవే.

టైమర్ గురించి త్వరగా చెప్పేస్తా. పొమొదొరో అని వినుంటారు, ఫ్రాన్సిస్కో సిరిల్లో అనే ఆయన 1980ల చివర్లో ఇటలీలో చదువుకునేటప్పుడు టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్ పెట్టుకుని మొదలుపెట్టారు, ఇటాలియన్‌లో పొమొదొరో అంటే టమాటానే. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం. మెయిల్స్‌కి అది బాగుంటుంది, లాగ్స్ చదవడానికి మాత్రం నాకు చాలదు, అప్పుడప్పుడే ఎక్కేటప్పటికి గంట కొడుతుంది. నేను 45 పెడతా. మీ పనికి ఎంత కావాలో మీరే చూసుకోండి.

ఇంకొకటి, ఇది సెట్టింగ్ కాదు, నా అలవాటు. ఆదివారం పొద్దున్నే లాల్‌బాగ్ వెళ్తా, అక్కడ కెంపేగౌడ గోపురం ఉన్న బండ మీద కూర్చుంటా. హైదర్ అలీ ఆ తోట మొదలుపెట్టింది 1760లో, ఆ బండ వయసేమో సుమారు 300 కోట్ల ఏళ్లు. అక్కడ ఈ పుస్తకం తీసి వారమంతా నన్ను నలిపేసిన విషయాలు చదువుతా, ఒక్కోదాని పక్కన "వచ్చే ఉగాదికి గుర్తుంటుందా" అని రాసుకుంటా. ఎక్కువ వాటికి లేదు అనే వస్తుంది, అవి కొట్టేస్తా. మొన్న మిగిలినవి రెండే, ఒకటి నాన్న బీపీ చెకప్, ఇంకోటి ఒక జూనియర్‌కి సరిగ్గా నేర్పించలేకపోవడం. సోమవారం ఆ మూడు లైన్లలో ముందు అవే ఎక్కుతాయి.

సరే, సెటప్ చేశాక పరీక్ష చేయకుండా నమ్మొద్దు. మా అక్క పక్క గదిలో ఉంది, తన నంబర్‌కి స్టార్ తీసేశా. అక్కా, ఒకసారి కాల్ చెయ్యవా? ఆ... స్క్రీన్ మీద వచ్చింది, మోగలేదు, చూశారుగా. కట్ చేసి మళ్లీ చెయ్యక్కా, అదే ఫోన్ నుంచి.

ఆ, మోగింది. వినిపించిందా? ఇప్పుడు బావ ఫోన్ నుంచి చెయ్యి... మోగలేదు. చూశారా, ఇదే నేను చెప్పింది, నంబర్ మారితే మోగదు. బావకి కూడా స్టార్ పెట్టేస్తున్నా, ఇదిగో, ఇక్కడ, అయిపోయింది. ఇంకొక్కసారి చెయ్యక్కా... మోగింది. ఇది అదే నంబర్ నుంచి రెండో కాల్ కాబట్టి ఎలాగూ మోగేదే, కానీ స్టార్ ఉంటే ఇకపై మొదటి కాల్‌కే మోగుతుంది. థాంక్స్ అక్కా, ఇక పెట్టేయ్.